ఫుట్‌బోర్డు దాటి ఆగిపోయే వాళ్ల గురించి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ చూసే డాక్టర్లకు ఒక సిటీ బస్సు కండక్టర్ నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఉప్పల్ నుంచి కోఠి వైపు తిరిగే బస్సుల్లో నాది పదిహేడేళ్ల సర్వీసు. మనిషి బస్సెక్కే తీరు చూస్తే, టికెట్టు అడగకముందే కొన్ని సంగతులు తెలిసిపోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బాగున్న కాలు ముందు వేసి, రెండోదాన్ని దాని పక్కకు చేర్చుకుని, మళ్లీ పై మెట్టుకు పోతారు. పొద్దున్నే ఏమీ తినకుండా రక్తపరీక్షకు వెళ్లేవాళ్లు చేతిలో కాగితాలు నలుపుకుంటూ ఎక్కుతారు. 2021 తర్వాత ఇంకో రకం వాళ్లు కనిపిస్తున్నారు. మూడు మెట్లూ మామూలుగానే ఎక్కేస్తారు. పైకి వచ్చాక కడ్డీ పట్టుకుని నిలబడిపోతారు. నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. వెనకవాళ్లు తోస్తున్నా కదలరు. ఎక్కడికి అని అడిగితే మాట రాదు, వేలెత్తి ఆగమంటారు. పది పదిహేను సెకన్లు. తర్వాత మామూలు మనుషులైపోతారు. చూడబోతే నలభై, నలభై అయిదేళ్లకు మించి ఉండవు.

వాళ్ల పేర్లు నాకు తెలియవు. అయినా వాళ్లు నాకు తెలుసు, ఎందుకంటే నేనూ వాళ్లలో ఒకణ్ని.

2021 మే రెండో వారంలో నాకు కోవిడ్ వచ్చింది. అయిదో రోజున వేలికి పెట్టిన ఆక్సిమీటరు రక్తంలో ఆక్సిజన్ 84 శాతమని చూపించింది. ఆసుపత్రి దొరికేసరికి 78. సిటీ స్కాన్ తీసి, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు పాతికకు పద్దెనిమిది అన్నారు. ఆ రోజుల్లో ఆ స్కోరు చెప్పుకోవడం పదో తరగతి మార్కులు చెప్పుకున్నట్టే ఉండేది, ఎక్కువ వస్తే ఏడ్చేవాళ్లు. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, అందులో పదకొండు రోజులు ఐసీయూలో. ముఖానికి బిగించిన మాస్కులోంచి గాలి లోపలికి తోసుకొస్తుంటే, కదులుతున్న బస్సు కిటికీలోంచి తల బయటపెట్టినట్టు ఉండేది. గంటల తరబడి బోర్లా పడుకోబెట్టేవారు. సిస్టర్లందరూ తెల్లటి పీపీఈ కిట్లలో ఒకేలా ఉండేవారు. ఎవరు ఎవరో తెలియడానికి వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవారు. నన్ను బతికించినవాళ్ల ముఖాలు నేనెప్పుడూ చూడలేదు, వీపుల మీది అక్షరాలే గుర్తున్నాయి. వాళ్ల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఈ లేఖ ఆ పంతొమ్మిది రోజుల గురించి కాదు, ఇరవయ్యో రోజు గురించి.

ఇరవయ్యో రోజున చక్రాల కుర్చీలో గేటు దాకా తెచ్చి ఆటో ఎక్కించారు. చేతిలో డిశ్చార్జి కాగితం. అందులో ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చారో ఉంది, ఏ రోజు ఎంత ఆక్సిజన్ పెట్టారో ఉంది. చివరి వరుసలో పరిస్థితి నిలకడగా ఉందనీ, పది రోజుల తర్వాత వచ్చి కనిపించాలనీ ఉంది. పది రోజుల తర్వాత వెళ్తే ఆ వార్డు వేరే రోగులతో నిండి ఉంది. ఎవరికి కనిపించాలో చెప్పే మనిషి లేడు. మాటవరసకు అంటున్నది కాదు, ఈ లేఖంతా ఆ ఒక్క వాక్యం గురించే. ప్రాణం పోకుండా పట్టుకున్న చేయి మమ్మల్ని ఇంకో చేతికి అప్పగించలేదు.

ఇంటికొచ్చేసరికి పదకొండు కిలోలు తగ్గాను. మా ఇల్లు రెండో అంతస్తులో. మొదటి నెలంతా మెట్ల మలుపు దగ్గర మా ఆవిడ ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంచింది. అది చాలా కాలం అక్కడే ఉండిపోయింది, తర్వాత దాని మీద పూలకుండీ పెట్టింది. నాలుగు నెలలకు డ్యూటీలో చేరాను. డిపోలో అందరూ మంచిగా చూసుకున్నారు, కొన్నాళ్లు కూర్చుని చేసే పని ఇచ్చారు. ఆయాసాన్ని అందరూ అర్థం చేసుకున్నారు. అది కంటికి కనిపిస్తుంది కదా. కనిపించనిది ఇంకొకటి ఉంది.

చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక బాకీ రాసివ్వడం మాకు అలవాటు. ప్రయాణికులు దిగేటప్పుడు చూపిస్తే ఇచ్చేస్తాం. ఏ సీటులో ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇచ్చేశామో కాగితం చూడకుండానే నోటికి వచ్చేది. ఒక రోజు ఒకాయన టికెట్టు చాపి నాలుగు వందల ముప్పై అన్నాడు. అక్షరాలు నావే. రాసినట్టు గుర్తు లేదు, ఇచ్చానో లేదో అసలే గుర్తు లేదు. ఆయన ముఖం కూడా కొత్తగానే ఉంది. ఇచ్చేశాను. ఆ సాయంత్రం డిపోలో లెక్క కడితే నగదు తగ్గింది. జేబులోంచి కట్టాను. అలా ఆ నెలలో అయిదుసార్లు కట్టాను. నోట్ల కట్ట లెక్కపెడుతుంటే ముప్పై దగ్గరకొచ్చేసరికి ఎక్కడున్నానో మరిచిపోయేవాణ్ని. స్టేజీల పేర్లు వరసగా చెప్పబోతే రామంతాపూర్ తర్వాత నాలుక ఆగిపోయేది. పదిహేడేళ్లుగా తిరుగుతున్న దారి అది. తర్వాత ఎక్కడో చదివాను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ ఆసుపత్రిలో తీవ్రమైన కోవిడ్‌తో చేరి బతికిన 46 మందికి జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షలు పెట్టారట. వాళ్లు కోల్పోయినది, మామూలు మనిషి యాభై ఏళ్ల నుంచి డెబ్బై ఏళ్ల మధ్య కోల్పోయేదానికి సమానమని 2022లో ప్రకటించారు. ఇరవై ఏళ్లు! అది చదివిన రోజు బాధ కలగలేదు, చాలా కాలం తర్వాత హాయిగా నిద్రపట్టింది. నేను దొంగనీ కాదు, సోమరినీ కాదు, పిచ్చివాణ్నీ కాదు. అది చాలు.

ఇక డాక్టర్ల చుట్టూ తిరిగిన కథ. పొడుగ్గా చెప్పను, ఈ లేఖ చదివేవాళ్లలో చాలామందికి కంఠతా వచ్చిన కథే. ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే చూసి ఫరవాలేదన్నారు. గుండె డాక్టరు ఎకో తీసి బాగుందన్నారు. నరాల డాక్టరు విటమిన్ బిళ్లలు రాశారు. ఒకరు టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఒక పెద్దాసుపత్రిలో 'పోస్ట్ కోవిడ్ ఓపీ' అన్న బోర్డు చూసి ఆశగా వెళ్లాను. బోర్డు గోడకే ఉంది. తలుపు తీస్తే లోపల సెలైన్ సీసాల అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. కాసేపు నిలబడి చూశాను. ఆ పెట్టెల్లో కనీసం సెలైన్ అయినా ఉంది కదా అనుకుని తిరిగొచ్చాను.

మిగతా డాక్టర్లందరి దగ్గరా ఒకటే తంతు. ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు. బీపీ, షుగర్, బరువు. సిగరెట్టు, మందు. 2021లో పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నావా అని చీటీ అడగలేదు, డాక్టరూ అడగలేదు. మొదట్లో నేనే చెప్పేవాణ్ని. అందరికీ వచ్చింది కదా అనేవారు. నిజమే, అందరికీ వచ్చింది. అందరికీ వర్షం కూడా పడుతుంది, ఇల్లు కూలినవాడి వర్షం వేరు.

చివరికి ఒక డాక్టరమ్మ అడిగారు. పెద్ద పరీక్షలేవీ చేయలేదు. వేలికి ఆక్సిమీటరు తగిలించారు, 97 ఉంది. "లేచి ఈ వరండాలో అటూ ఇటూ నడవండి, నేను చెప్పేదాకా ఆగకండి" అన్నారు. నడిచాను. నాలుగో మలుపులో 93. ఆరో మలుపులో 90. ఆరు నిమిషాలయ్యేసరికి 88. మొత్తం నడిచింది 310 మీటర్లు. "ఇన్నాళ్లూ మిమ్మల్ని కూర్చోబెట్టి చూశారు" అన్నారావిడ. కూర్చుంటే బాగానే ఉంటాను అమ్మా, కండక్టరుకు కూర్చునే ఉద్యోగం కాదు కదా అన్నాను.

లోపల ఏం జరిగిందో కూడా ఆవిడే బొమ్మ గీసి చెప్పారు. ఊపిరితిత్తుల్లో గాలి నిండే సన్నటి సంచులుంటాయి. వాటి గోడ ఉల్లిపొర కంటే పలచన. ఆ గోడలోంచే ఆక్సిజన్ రక్తంలోకి దిగాలి. తీవ్రమైన కోవిడ్‌లో ఆ సంచులు నీటితో నిండి, గోడలు దెబ్బతిని, మానేటప్పుడు కొందరిలో మచ్చకట్టి మందమవుతాయి. కూర్చున్నప్పుడు రక్తం తీరిగ్గా పారుతుంది కాబట్టి మందం గోడలోంచి కూడా సరిపడా ఆక్సిజన్ దిగుతుంది. నడిస్తే రక్తం పరుగెడుతుంది, ఆక్సిజన్ ఎక్కే వ్యవధి చాలదు. ఇంత సులువుగా ముందే ఎవరైనా చెప్పి ఉంటే! రద్దీ స్టాపులో బస్సు ఆగీ ఆగనట్టు కదిలితే సగం మంది ఎక్కలేక రోడ్డు మీదే మిగిలిపోతారు, అంతే కదా. మామూలుగా ఊది చూపించే పరీక్షలో ఈ లోపం బయటపడకపోవచ్చట. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు మొదటి వేవ్‌లో కోలుకున్న 207 మందికి ఈ గాలి మార్పిడి శక్తినే కొలిచారు. 44 శాతం మందిలో అది తగ్గి ఉంది. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇక కాళ్లు. ఆయాసమంతా ఊపిరితిత్తులదే అనుకున్నాను, కాదన్నారు. ఐసీయూలో పడుకున్న మనిషి తొడ కండరం పది రోజుల్లోనే ఆరో వంతుకు పైగా కరిగిపోతుందని కోవిడ్‌కు చాలా ముందు, 2013లోనే కొలిచి చూపించారు. ఐసీయూ నుంచి బతికి బయటపడ్డవాళ్లలో కండరం, మెదడు, మనసు మూడూ దెబ్బతినే అవస్థకు వైద్యుల దగ్గర ఒక పేరు కూడా కోవిడ్‌కు ముందు నుంచే ఉంది. కెనడాలోని టొరంటోలో ఊపిరితిత్తులు విఫలమై ఐసీయూలో బతికిన 109 మందిని ఏడాది పాటు వెంటపడి చూశారు. 2003లో అచ్చయిన ఆ అధ్యయనంలో వాళ్ల నడి వయసు 45. నాదీ అప్పుడు దాదాపు అంతే. ఏడాది గడిచాక వాళ్లలో సగం మందే పనికి వెళ్లగలిగారు. ఆరు నిమిషాల్లో వాళ్లు నడిచిన దూరం, అదే వయసు ఆరోగ్యవంతులు నడవాల్సిన దానిలో మూడింట రెండొంతులు. అంటే మాకు వచ్చినదాంట్లో వింత ఏమీ లేదు. వస్తుందని ముందే తెలిసిన బాకీ ఇది. లక్షలమందికి ఒక్కసారే వచ్చింది, అంతే తేడా. చైనాలోని వూహాన్‌లో మొదట్లో ఆసుపత్రిలో చేరినవాళ్లను రెండేళ్ల తర్వాత పిలిచి చూస్తే 55 శాతం మందికి ఏదో ఒక లక్షణం మిగిలే ఉంది.

మా డిపోలో ఒక డ్రైవరన్న ఉన్నాడు. నాకంటే రెండు వారాల ముందు ఆయనకూ ఇదే గతి. ఆయాసం తొందరగానే తగ్గింది, అదృష్టవంతుడివి అన్నాం. ఏడాది తిరగకుండా కుడి గజ్జల్లో నొప్పి. క్లచ్ తొక్కే కాలు కాదులే అని నవ్వేవాడు. డ్రైవర్లకు నడుము నొప్పి మామూలే కదా అని ఏడు నెలలు నడుముకే వైద్యం జరిగింది, బెల్టులు, బామ్‌లు, ఇంజెక్షన్లు. తర్వాత రెండో వైపు కూడా మొదలైంది. ఎవరో తుంటికి ఎంఆర్ఐ తీయిస్తే తేలింది, తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతోందని. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లలో ఇలా జరుగుతుందన్నది పాత సంగతే. కోవిడ్ రోగుల్లో ఇది వస్తోందని ముంబై డాక్టర్లు 2021లోనే ముగ్గురి గురించి రాశారు. నేనిక్కడ స్టెరాయిడ్‌ను తిట్టడం లేదు. ప్రాణవాయువు అందని రోగులకు రోజుకు ఆరు మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజులు ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్‌లో తేల్చారు. నేను ఈ లేఖ రాస్తున్నానంటే బహుశా ఆ మందు వల్లే. నేననేది ఒక్కటే. ఆ ఏడు నెలల్లో ఏ ఒక్కరైనా "కోవిడ్‌లో స్టెరాయిడ్ వాడారా, ఎన్నాళ్లు?" అని అడిగి ఉంటే ఎముక అంత కుంగిపోకముందే పట్టుబడేది.

చావుల గురించి కూడా చెప్పాలి. బస్సులో అప్పుడప్పుడూ ఈ మాట వస్తుంది. ఫలానావాడు ముప్పై ఏడేళ్లకే కుప్పకూలాడట అని ఒకరంటారు. అంతా ఆ టీకా వల్లే అని ఇంకొకరంటారు. బస్సంతా తలలూపుతుంది. కండక్టరుకు వాదించే తీరిక ఉండదు, కానీ ఇక్కడ రాయగలను. భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 47 ఆసుపత్రుల పరిధిలో 18 నుంచి 45 ఏళ్ల మధ్య అకస్మాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలను, బతికున్న 2,916 మందితో పోల్చి చూసింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని 2023లో తేల్చింది. ముప్పు పెంచినవాటిలో, ఇంట్లో అలాంటి చావు జరిగి ఉండటం, అతిగా మద్యం, ఒళ్లు విరిచే వ్యాయామంతో పాటు గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం ఒకటి. టీకా మీద అనుమానపడటానికి ఇంతమంది ఉన్నారు, ఆసుపత్రిలో చేరిన సంగతి అడగడానికి మాత్రం ఎవరూ లేరు.

అదే మండలి 31 ఆసుపత్రుల నుంచి డిశ్చార్జి అయిన 14,419 మందికి ఏడాది పాటు ఫోన్లు చేసి చూసింది. వాళ్లలో 942 మంది ఆ ఏడాదిలోపే చనిపోయారు. వందకు ఆరుగురి పైమాటే. వాళ్లంతా డిశ్చార్జి కాగితం చేత పట్టుకుని, నాలాగే ఆటో ఎక్కి ఇంటికెళ్లినవాళ్లు. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం సుప్రీంకోర్టు చెప్పాక వచ్చింది. ఆ సాయానికి, పరీక్షలో కోవిడ్ తేలిన 30 రోజుల్లోపు చనిపోయి ఉండాలన్నది హద్దు, ఆసుపత్రిలోనే ఉండిపోయినవాళ్లకు తప్ప. ముప్పై ఒకటో రోజున ఇంట్లో పోయినవాడు ఏ జబ్బుతో పోయాడో ఆ ఇంటివాళ్లకు తెలుసు. కాగితానికి తెలియదు.

ఇంకొక్క మనిషి గురించి చెప్పి నేను అడగదలచింది అడుగుతాను.

2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక, అంతకుముందు ఎప్పుడూ కనిపించని ముఖాలు బస్సుల్లో కనిపించడం మొదలైంది. రద్దీతో మా నడుములు విరుగుతున్నాయి, అది వేరే లేఖలో రాస్తాను. కానీ డబ్బుల్లేక ఆసుపత్రి మానుకున్న ఆడవాళ్లు ఎంతమంది ఉండేవారో ఆ జీరో టికెట్లు కొడుతుంటేనే నాకు అర్థమైంది. వాళ్లలో ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, కుడి కంటి మీద తెల్లటి గుడ్డ, కొంగు ముక్కు దాకా లాక్కుని కూర్చునేది. కోఠిలో దిగేది. కోవిడ్ వచ్చిన కొందరికి ముక్కు, కన్ను, దవడలకు పట్టిన బూజు జబ్బు బ్లాక్ ఫంగస్ వైద్యానికి 2021లో అక్కడి చెవి ముక్కు గొంతు ఆసుపత్రే ప్రధాన కేంద్రం. ఆ ఏడాది జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులని పార్లమెంటులో చెప్పారు. ప్రాణం దక్కించడానికి ఎందరికో కన్ను తీశారు, పై దవడ తీశారు. ఈవిడకు కన్ను.

ఒక రోజు బస్సు ఖాళీగా ఉంటే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. "ఎంత రాశారో చూడు బిడ్డా" అంది. వైకల్య ధ్రువపత్రం. 30 శాతం అని చదివాను. "ఎంత ఉంటే పింఛను?" నలభై అమ్మా అన్నాను. కాసేపు లెక్కేసుకుని, "ఇంకో కన్ను కొంచెం పోవాలన్నమాట" అంది. నవ్వింది కూడా. నేను టిక్కెట్టు మిషను వైపు చూస్తూ ఉండిపోయాను.

ఎవరి తప్పూ లేదు. ఉన్న ప్రమాణాల ప్రకారం రెండో కన్ను బాగుంటే పోయిన కంటి విలువ 30 శాతమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. మచ్చకట్టిన ఊపిరితిత్తులకు ఆ జాబితాలో చోటే లేదు. పది అడుగులు నడిచి ఆగిపోయేవాడికి కాళ్లూ చేతులూ కళ్లూ చెవులూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి కాగితం మీద వాడికి ఏ వైకల్యమూ లేదు.

మంత్రి గారూ, చట్టం ఢిల్లీది, మా చేతుల్లో లేదు అంటారేమో. ఆ మాట వస్తుందనే ఒక సంగతి గుర్తు చేస్తున్నాను. బోదకాలు వచ్చినవాళ్లకు, డయాలిసిస్ చేయించుకునేవాళ్లకు ఈ రాష్ట్రమే పింఛను ఇస్తోంది. శాతాల కోసం ఎదురు చూడలేదు. బాధ కళ్లెదుట కనిపించింది, జబ్బు పేరు రాసింది, ఇచ్చింది. బ్లాక్ ఫంగస్‌లో కన్నో దవడో పోయినవాళ్ల పేర్లు ఆసుపత్రుల రికార్డుల్లోనే ఉన్నాయి. కొత్తగా సర్వే చేయించక్కరలేదు. ఆ జబ్బును కచ్చితంగా ప్రభుత్వానికి తెలియజేయాలని 2021 మేలో ఉత్తర్వు ఇచ్చింది కూడా మీ శాఖే. తెలియజేయించుకున్నారు, ఆ పేర్లతో ఇప్పుడు పని పడింది.

ఇక నేను అడిగే పెద్ద కోరిక నిజానికి చాలా చిన్నది. ఓపీ చీటీ మీద రెండు ప్రశ్నలు అచ్చు వేయించండి. కోవిడ్‌తో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారా? స్టెరాయిడ్లు ఎన్నాళ్లు వాడారు? అంతే. సిరా ఖర్చు కూడా లెక్కలోకి రాదు. ఆ రెండు ప్రశ్నలుంటే మా డ్రైవరన్న నడుముకు కాకుండా తుంటికి స్కాన్ ముందే జరిగేది. నన్ను కూర్చోబెట్టి కాకుండా నడిపించి చూసేవారు. కోవిడ్ తర్వాత షుగర్ మొదలైనవాళ్ల సంగతి తెలిసేది. కోవిడ్ అనంతర అవస్థకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లోనే నిర్వచనం ఇచ్చింది. జబ్బుల లెక్కలు రాసుకునే పట్టికలో దానికి యు09 అని సంకేతం కూడా ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ అదే ఏడాది డాక్టర్ల కోసం మార్గదర్శకాల పుస్తకమే వేసింది. అన్నీ ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు, అడగనిది రాయరు, రాయనిది లెక్కకు రాదు, లెక్కకు రానిదానికి బడ్జెట్ ఉండదు.

రెండోది, వారానికి ఒక పూట ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పునరావాసం. కొత్త భవనం వద్దు, శిలాఫలకం అసలే వద్దు. ఒక ఫిజియోథెరపిస్టు, రెండు ఆక్సిమీటర్లు, ఒక స్టాప్‌వాచ్, 30 మీటర్ల వరండా. ఆ డాక్టరమ్మ నన్ను పంపిన చోట ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఎనిమిది వారాలు నాతో పనిచేయించింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, పెదాలు ఈల వేస్తున్నట్టు పెట్టి ఊపిరి వదలడం. నీళ్ల సీసాలే డంబెల్స్. ఎనిమిది వారాల తర్వాత అదే వరండాలో 405 మీటర్లు నడిచాను. ఊపిరితిత్తుల మచ్చలు పోలేదు, పోవు కూడా. కాళ్లకు బలమొచ్చింది, ఉన్న ఊపిరిని పొదుపుగా ఖర్చుపెట్టడం వచ్చింది. ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. బ్రిటన్‌లో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి బయటపడి మూడు నెలలు దాటినా కోలుకోని 585 మందితో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి ఒక్కసారి సలహా చెప్పి పంపారు. మిగతావాళ్లతో ఎనిమిది వారాలు ఇంటి దగ్గరే, వీడియోలో చూస్తూ వ్యాయామం చేయించారు, కష్టసుఖాలు మాట్లాడించారు. వ్యాయామం చేసినవాళ్ల జీవితం మెరుగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. 2024లో ఇది అచ్చయింది. అద్భుతమేమీ జరగలేదు, మెరుగుపడింది, అంతే. మాకు అంతే కావాలి.

డాక్టర్లకు ఇక్కడ ఒక మనవి. అందరినీ ఒకే గాట కట్టకండి. మాలో కొందరికి శ్రమపడిన మర్నాడో ఆ పై రోజో ఒళ్లంతా కూలిపోతుంది, రెండు మూడు రోజులు మంచం దిగలేరు. అలాంటివాళ్లను ఇంకొంచెం నడువు, ఇంకొంచెం నడువు అని తరమడం హాని. ముందు అది అడిగి తెలుసుకుని, వాళ్లకు శక్తిని దాచుకునే పద్ధతి నేర్పాలి. నాతో మొదలుపెట్టిన ఒకతను ఆ తరహా మనిషి, మూడో వారం మానేశాడు. బద్ధకం అనుకున్నాను అప్పుడు. ఆ మాట అతనితో అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంత కాలం గడిచాక ఇప్పుడెందుకయ్యా, కోవిడ్ ఎక్కడుంది అని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. కోవిడ్ పోయింది, నేను పోలేదు. పైగా ఆ వరండా ఒక్క కోవిడ్ వాళ్లకే పనికొచ్చేది కాదు. క్షయ తగ్గినా ఊపిరితిత్తులు మచ్చకట్టినవాళ్లు, రాళ్ల క్వారీల్లో దుమ్ము పీల్చినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు జీవితమంతా దగ్గిన ముసలమ్మలు, వీళ్లందరికీ వైద్యంలో సగం అదే. ఏ జ్వరంతోనైనా ఐసీయూలో నెల రోజులు పడుకుని లేచినవాడికీ అదే. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెంచారు, మంచిదే. ఆపరేషన్ అయితే, బెడ్డు మీద చేరితే ఆ కార్డు ఉపయోగపడుతుంది. వారం వారం బస్సెక్కి వచ్చి వ్యాయామం చేసి పోయేవాడికి అది దేనికి పనికొస్తుంది?

నాకు గురువారం వీక్లీ ఆఫ్. గత గురువారం మా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నరకు ఓపీ అయిపోయి వరండా ఖాళీగా ఉంది. దర్జీ దగ్గర అరువు తెచ్చిన టేపుతో, అక్కడి స్వీపరమ్మ ఒక కొస పట్టుకుంటే, చీటీలు రాసే కిటికీ నుంచి మందులిచ్చే కిటికీ దాకా కొలిచాను. 34 మీటర్లు ఉంది. మధ్యలో విరిగిన స్ట్రెచర్లు రెండు అడ్డంగా ఉన్నాయి, వాటిని పక్కకు జరిపితే చాలు. అటూ ఇటూ చివర్లలో గుర్తుకు పెట్టే రెండు ప్లాస్టిక్ కోన్లు నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక సిటీ బస్సు కండక్టర్,
హైదరాబాద్